చేతులు మారే ముచ్చట

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా గదులు పలచబడతాయి. ముసుగు రెబెక్కా శిల్పం ముందు కళ్లప్పగించి నిల్చున్నవాళ్లు, రవివర్మ బొమ్మల దగ్గర ఆగిపోయినవాళ్లు, బడిపిల్లల జట్లు, సెలవుకు ఊరొచ్చిన కుటుంబాలు అందరూ ఒక్క చోటికే నడుస్తారు. అక్కడ కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను కలకత్తాలో కూర్చి తయారు చేసిన యంత్రమది. అందులో కమ్మరి బొమ్మ ఒకటి సుత్తి ఎత్తి దించుతూ సెకన్లు కొడుతూనే ఉంటుంది. గంట పూర్తయ్యే వేళకు తలుపు తెరుచుకుని, గడ్డం ఉన్న చిన్న మనిషి బయటికొస్తాడు. ఎంత గంటయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలూ వినొచ్చు గనక జనం ఆ వేళకే ఎక్కువగా చేరతారు.

ఇప్పుడు ఆ చిన్న మనిషి తొంగి చూడగానే చేతులన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. ప్రతి చేతిలోనూ ఫోనే. కళ్లతో చూడాల్సినదాన్ని కెమెరాతో చూస్తున్నారే అని నొచ్చుకునే పెద్దలున్నారు. మాకు అలా అనిపించదు. ఆ వీడియో ఆ సాయంత్రమే జిద్దాలో ఉన్న తమ్ముడికో, నల్లగొండలో ఉన్న అమ్మమ్మకో చేరుతుంది. వింత వస్తువు కనబడగానే అయినవాళ్లకు చూపించాలన్న ఆరాటం మనిషికి సహజం. పాతబస్తీకి మరీ సహజం. ఈ ఊళ్లో కొత్త యంత్రం ఏది దిగినా అది ఒక్కరి గుప్పెట్లో ఎక్కువ కాలం ఉండలేదు. పదిమంది మధ్యకు వచ్చింది, చేతులు మారింది, చివరికి ఊరిదైపోయింది.

ఆ గడియారాన్ని దాచిపెట్టిన వంశం సంగతే చూడండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో, ఇరవయ్యేళ్లు దాటీ దాటకముందే నిజాం కొలువులో దివాన్ అయ్యాడు. రెండేళ్లకే ఆ పదవి వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన బతుకంతా వస్తువుల వేటలోనే గడిచింది. గడియారాలంటే ఆయనకు మరీ మోజు. పంజరంలో పిట్టలున్నవి, లోపలి చక్రాలన్నీ బయటికి కనిపించేవి, భూతద్దం పెట్టి చూస్తే తప్ప అంకెలు తెలియనంత చిన్నవి కూడా ఆయన సేకరణలో ఉన్నాయి. ఈనాడు కొత్త ఫోను విడుదలకు ముందే దాని బొమ్మలు వెతికి చూసే కుర్రవాడిలో ఉన్న ఉబలాటమే ఆ నవాబులోనూ ఉంది. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబరులో ఆయన భవనం దివాన్ దేవ్డీ తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. నెహ్రూ వచ్చి ప్రారంభించారు. 1968లో ఆ సేకరణంతా మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి వచ్చింది. ఒక్కడి ముచ్చట ఊరందరి వేడుక కావడానికి పట్టిన కాలం అదీ.

అంతకు చాలా ముందే, 1889లో, చార్మినార్ నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. సొంతంగా గడియారం ఉంచుకోగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమంది ఉన్న రోజులవి. టైమెంతయిందో తెలుసుకోవాలంటే తలెత్తితే చాలు. గాజుల మలారం మోసే మనిషికీ, బండి తోలే మనిషికీ, బగ్గీలో పోయే దొరకూ అదే ముల్లు. 1935 నుంచి దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వం చేతుల మీదుగా నడిచినప్పుడూ అంతే. సెట్టు ఉన్న ఇల్లు ఒకటైతే అరుగు మీద చేరే ఇళ్లు ఇంకెన్నో.

అయితే పాతబస్తీలో యంత్రం మనుషుల మధ్య ఎంతగా కలిసిపోగలదో తెలిసింది మాత్రం గల్ఫ్ రోజుల్లోనే. 1973 తరవాత చమురు ధరలు ఎగబాకి ఎడారి దేశాల్లో పనులు పుట్టుకొచ్చాయి. డ్రైవర్లు, మేస్త్రీలు, దర్జీలు, ఎలక్ట్రీషియన్లు, గుమాస్తాలు యాకుత్‌పురా నుంచీ, చంద్రాయణగుట్ట నుంచీ, శాలిబండ నుంచీ జిద్దాకు, రియాద్‌కు, కువైట్‌కు, దుబాయికి పోయారు. వాళ్లతోపాటే కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచీ పోయారు. రెండేళ్లకో మూడేళ్లకో తిరిగొచ్చేటప్పుడు నైలాను తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు తెచ్చారు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరూ, హైదరాబాద్ చిరునామా. లోపల దుప్పట్లు, అత్తరు సీసాలు, సబ్బులు, పిల్లలకు బొమ్మలు. అన్నిటికన్నా అడుగున, దుప్పట్ల మధ్య భద్రంగా, టూ-ఇన్-వన్.

టూ-ఇన్-వన్ అంటే రేడియో, క్యాసెట్ ప్లేయరు రెండూ ఒకే పెట్టెలో. నేషనల్ పానసోనిక్, సాన్యో, సోనీ, అకాయ్ పేర్లు పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వచ్చేవి. ఇంటి ఆడవాళ్లు దానికి కుట్టుపని చేసిన గుడ్డ కప్పేవాళ్లు. దుమ్ము పడకూడదని ఒక కారణం. అపురూపంగా చూసుకోవాలన్నది దాన్ని మించిన కారణం. వీసీఆర్ వచ్చిన ఇంటికైతే శనివారం రాత్రి గల్లీ అంతా తరలి వచ్చేది. సొంతంగా లేనివాళ్లు చందాలేసుకుని ఒక్క రాత్రికి టీవీతో సహా అద్దెకు తెచ్చి, తెల్లారేలోగా మూడు సినిమాలు చూసేవాళ్లు. నిద్రపోయిన పిల్లలను తలా ఒకరు భుజాన వేసుకుని పొద్దున ఇళ్లకు పోయేవాళ్లు.

కానీ ఆ పెట్టెతో పాతబస్తీ చేసిన అసలు పని పాటలు వినడం, సినిమాలు చూడడం కంటే గొప్పది. ఉత్తరం రాయడానికి చదువు కావాలి. చదివి పెట్టమంటే మూడో మనిషికి ఇంటి గుట్టు తెలుస్తుంది. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చున్నా దొరికేది నాలుగు మాటలు, వాటి ఖర్చేమో నాలుగు రోజుల సరుకులంత. అందుకని క్యాసెట్లలో మాట్లాడుకున్నారు. ఎర్రమీట, పక్కనున్న మీట కలిపి నొక్కితే రికార్డింగ్ మొదలయ్యేది. ముందు తల్లి మాట్లాడేది. సలాం చెప్పి, ఆరోగ్యం అడిగి, పైకం అందిందని చెప్పి, ఆ తరవాత మాట తోచక ఊరుకునేది. తండ్రి గొంతు సవరించుకునేవాడు. పిల్లలు బడిలో నేర్చుకున్న పద్యం అప్పజెప్పేవాళ్లు. భార్య అందరూ లేచిపోయాక, తలుపు దగ్గరకు వేసి, మెల్లగా మాట్లాడేది. వాళ్లు కావాలని నింపని శబ్దాలెన్నో వెనక నిండేవి. మసీదు నుంచి అజాన్, పక్కింటి కుక్కరు కూత, గల్లీలో కూరల బండి కేక, పురిటి బిడ్డ ఏడుపు.

అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక పక్కకు ముప్పయ్యి, తొంభై నిమిషాలదైతే నలభై అయిదు. ఆ వారం విమానమెక్కే మనిషెవరో వాకబు చేసి చేతికిచ్చి పంపేవాళ్లు. అవతల లేబర్ క్యాంపు గదిలో అరడజను మంది మంచాల మీద కూర్చుని వినేవాళ్లు. ఒకరి తల్లి దీవిస్తే గదంతా అందుకున్నట్టే. కరీంనగర్ మనిషి పక్కన కూర్చుని పాతబస్తీ తల్లి దక్కనీలో మాట్లాడింది విన్నాడు, ఆయన ఇంటి నుంచి వచ్చిన తెలుగు మాటలను పాతబస్తీ మనిషి విన్నాడు. అదంతా అయ్యాక, అదే క్యాసెట్ మీద జవాబు రికార్డు చేసి తిప్పి పంపేవాళ్లు. కొత్త మాట పడగానే పాత మాట చెరిగిపోయేది. ఎవరో కొందరికి మాత్రం ఒక ఉపాయం తెలుసు. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. అవి విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. తల్లి పోయాక ఆ పలకలు విరిచి దాచుకున్న క్యాసెట్లు ఈ ఊళ్లో ఎన్ని బీరువాల్లో ఉన్నాయో.

క్యాసెట్లలోనే ఇటు నుంచి అటు నవ్వు కూడా ప్రయాణం చేసింది. ఇంటర్నెట్‌లో హైదరాబాదీ హాస్యానికి ఇవాళ ఉన్న పేరును చూసి ఇది నిన్నమొన్న పుట్టిందని కుర్రవాళ్లు అనుకోవచ్చు. దీని వేళ్లు లోతైనవి. 1962లో ఈ ఊళ్లో 'జిందా దిలాన్-ఎ-హైదరాబాద్' అని ఒక సంస్థ పుట్టింది. హాస్యం రాసేవాళ్లను, చదివేవాళ్లను, వినేవాళ్లను ఒకచోట చేర్చడమే దాని పని. ఆ వాతావరణంలోంచే 1968లో 'షగూఫా' అనే హాస్య మాసపత్రిక వచ్చింది. సంపాదకుడు ముస్తఫా కమాల్ దానిని దశాబ్దాలపాటు నిలబెట్టారు. హాస్య వ్యాసంతో ఉర్దూ లోకమంతటా పేరు తెచ్చుకున్న ముజ్తబా హుస్సేన్ ఈ ఊరి మనిషే. 2007లో పద్మశ్రీ అందుకుని, 2020లో వెళ్లిపోయారు. గులబర్గా కవి సులేమాన్ ఖతీబ్ దక్కనీలో అత్తాకోడళ్ల తగవునూ, పేద ఇంటి పెళ్లి సంబంధాన్నీ చెబుతుంటే సభ నవ్వి నవ్వి, నవ్వుతుండగానే కళ్లు తుడుచుకునేదని విన్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అలాంటి ముషాయిరాల, అంటే కవిసభల, క్యాసెట్లు ఒకటికి పది నకళ్లయి గల్ఫ్ గదులకు చేరాయి. ఈనాటి మాటలో చెప్పాలంటే అవి వైరల్ అయ్యాయి.

ఈ ధారే 2005లో 'ది అంగ్రేజ్' సినిమాగా తెర మీదికి వచ్చింది. కుంట నిఖిల్ తీసిన చిన్న సినిమా. పెద్ద తారలు లేరు. అమెరికా నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఇద్దరు కుర్రవాళ్లు చార్మినార్ చూడబోయి, అక్కడ కూర్చునే ఇస్మాయిల్ భాయ్ జట్టుతో తగాదా తెచ్చుకుంటారు. ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, కోతలరాయుడు సలీం ఫేకూగా మస్త్ అలీ వేశారు. ఒకే ఊళ్లో మూసీకి ఇవతలొక కాలం, అవతలొక కాలం నడుస్తుండగా ఆ రెండూ ఎదురుపడితే ఏమవుతుందో ఆ సినిమా చూపించింది. ఇస్మాయిల్ భాయ్ జట్టు మాట్లాడింది ఇంటిమాట, గల్లీమాట. తెర మీద తమ నోటిమాట విన్న ఊరు మురిసిపోయింది. తెలుగువాళ్లూ అంతే ఇష్టపడ్డారు. తెలంగాణలో పెరిగినవాళ్లకు ఆ యాస పరాయిది కాదు, కోస్తా నుంచి చదువుకు వచ్చినవాళ్లకు ఊరు అలవాటు కావడానికి అదే తొలి పాఠమయింది.

ఆ ఏడాదే యూట్యూబ్ పుట్టింది. మన గల్లీలకు అది చేరడానికి చాలా కాలం పట్టింది. అంగ్రేజ్ ముక్కలు ఊరంతా తిరిగింది మాత్రం బ్లూటూత్ మీద. నోకియా 6600 అప్పటి కలల ఫోను. 2003లో వచ్చింది. గుండ్రటి ఒళ్లు, వెనక కెమెరా, ముప్పయి రెండు మెగాబైట్ల మెమరీ కార్డు. ఇప్పుడు ఒక మంచి ఫొటో పట్టాలన్నా నాలుగైదు మెగాబైట్లు కావాలి. ఆ కాస్త జాగాలోనే పాటలు, ఫొటోలు, మసకమసకగా కదిలే సలీం ఫేకూ. పంపించాలంటే రెండు ఫోన్లూ దగ్గరగా ఉండాలి. పది మీటర్లు దాటితే తెగిపోతుంది. ఇరానీ హోటల్లో బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని, ఫోన్లు పక్కపక్కన పెట్టి, గీత నిండేదాకా చాయ్ తాగుతూ ఎదురు చూసేవాళ్లు. ఆ కాసేపట్లో ఒకరి సంగతులు ఒకరికి తెలిసేవి. చిన్న వీడియో అందుకోవాలన్నా మరో మనిషి పక్కన కూర్చోవాల్సి వచ్చిన కాలమది.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక ఎదురుచూపు పోయింది. రోజంతా వీడియోలు చూసినా తరగని డేటా కూలి మనిషికీ అందింది. ఇది చిన్న మేలు కాదు. క్యాసెట్ నిండా మాట్లాడి నెలల పాటు జవాబుకు కాచుకున్న తల్లి మనవరాలు ఇవాళ రియాద్‌లో ఉన్న తండ్రికి అన్నం తింటూ మొహం చూపిస్తోంది. టిక్‌టాక్ వచ్చి, 2020 జూన్ 29న నిషేధంలో పోయింది. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఆ ఖాళీలో కూర్చుంది. ఇప్పుడు రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టూ ఫోనుకు గుండ్రటి దీపం తగిలించుకున్న పిల్లలే కనిపిస్తారు. వాళ్ల పక్కనే తోపుడుబండ్ల మీద ఆ దీపాలే, ఫోను స్టాండ్లే, పౌచ్‌లే, టెంపర్డ్ గ్లాసులే. లాడ్ బజార్ గాజుల తళుకుకు తోడు ఇదొక కొత్త తళుకు.

ఆ పిల్లల్లో చాలామంది చేస్తున్నది వెనకటి ముషాయిరా కవులు చేసిన పనే. పెళ్లికి ఎనిమిదింటికి రమ్మని పదకొండింటికి వడ్డన మొదలుపెట్టే ఆచారం, మంచం మీద దొర్లుతూనే 'అయిదు నిమిషాల్లో అక్కడుంటా' అని ఫోన్లో చెప్పే దోస్తు, ఎన్నేళ్లనాటి సంగతైనా 'పరసోం' (మొన్న) జరిగిందని చెప్పే పెద్దాయన, కొడుకు ఫోను చూస్తుంటే చెప్పు వెతికే అమ్మీజాన్. తమ ఇంటినే, తమ గల్లీనే, తమ యాసలోనే చెప్పుకుని నవ్వుతారు. డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లు కూడా వాటిని ఒకరికొకరు పంపుకుంటారు. తెలుగు ఇంటర్నెట్‌కు బ్రహ్మానందం ముఖం ఎలాగో ఈ ఊరి ఇంటర్నెట్‌కు ఈ యాస అలాగ. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా బ్రహ్మానందం బొమ్మ పెట్టి తమ మనసులోని మాట చెబుతున్నారు. మన హాస్యనటుడి ముఖకవళిక భాషల హద్దు దాటి అందరి సొత్తయిందంటే సంతోషించాలి.

ఒక్క విషయం మాత్రం మనసును కలుక్కుమనిపిస్తుంది. తన మీద తాను నవ్వుకోవడం వేరు, దారిన పోయే మనిషిని అడక్కుండా పట్టుకొచ్చి పదిలక్షల మంది ముందు నవ్వులపాలు చేయడం వేరు. ఈ మధ్య ఈ రెండో రకం పెరిగింది. చాయ్ పోసే ముసలాయన మాట తడబడితే అది ఒక వీడియో. బేరమాడుతూ విసుక్కున్న గాజుల దుకాణం మనిషి ఒక వీడియో. మతి స్థిమితం లేక గల్లీలో తిరిగే మనిషి ఒక వీడియో. వాళ్లకు ఆ ఫోను ఎవరిదో తెలియదు, తమ ముఖం ఎక్కడెక్కడ తిరుగుతోందో తెలియదు. తెలిసిన రోజున ఇంట్లోవాళ్లు తలెత్తుకోలేరు. కెమెరా పట్టుకున్న కుర్రవాడిలో దుర్మార్గం ఉందని మేమనుకోము. ఎదుటి మనిషిని అడగాలని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పినవాళ్లు ఈ ఊళ్లోనే ఒకప్పుడున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ ఈ నేల చూసిన గొప్ప ఛాయాచిత్రకారుల్లో ఒకడు. ఆనాడు కెమెరా అంటే అందరికీ మోజే. ఇంటి ఆడవాళ్లకూ మోజే. అయితే పరదా చాటున ఉండే స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చోరు. దీన్‌దయాళ్ వాళ్లను వదిలేయలేదు, దొంగచాటుగా బొమ్మ తీయనూ లేదు. 1892లో హైదరాబాదులో వాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తయిన గోడలు కట్టించి, ఒక ఆంగ్ల మహిళకు దాని బాధ్యత అప్పగించి, లోపల పనంతా ఆడవాళ్ల చేతనే చేయించాడు. బొమ్మలో ఉండబోయే మనిషికి ఏది ఇబ్బందో ముందు తెలుసుకుని, ఆ తరవాత యంత్రాన్ని దానికి తగ్గట్టు అమర్చాడు. అప్పటి కెమెరా బరువైనది, గాజు పలకల మీద పని. ఇంత శ్రమకు ఓర్చి అంత మర్యాద పాటించినప్పుడు, జేబులోంచి తీసి మీట నొక్కే మనం 'భాయ్, వీడియో తీసుకోవచ్చా' అని ఒక్క మాట అడగడానికి అడ్డేముంది? ఫోను వాడకం నేర్పే బడుల్లో, ఇళ్లలో, మదరసాల్లో ఈ కథ పిల్లలకు చెప్పాలి. చట్టంతో అయ్యే పని కొంత ఉంది. పెద్దవాళ్లు చెబితే అయ్యే పని అంతకంటే ఎక్కువ.

ఇక ఫోన్ల మోజు సంగతి. కొత్త ఫోను మీద ఆశ పెంచుకున్న పేద పిల్లవాడిని చూసి పెదవి విరిచేవాళ్లతో మాకు పొత్తు కుదరదు. అందమైన వస్తువు కావాలనిపించడం తప్పు కాదు. ఆ ఆశ అందరికీ అందే దారి ఒకటి ఈ ఊళ్లో ఉంది. నయాపూల్ దాటి ఆబిడ్స్ వైపు పోతే జగదీశ్ మార్కెట్ వస్తుంది. ఇరుకు సందులు, ఆ సందుల్లో మనిషి మోకాళ్లు ముడుచుకుంటే సరిపోయేంత కొట్లు. కొత్త ఫోన్లు, సెకండ్ హ్యాండ్ ఫోన్లు, ప్రాణం పోయిన ఫోన్లు అన్నీ అక్కడికే వస్తాయి. బల్లకు అటువైపు కూర్చున్న కుర్రవాళ్లలో చాలామంది పాతబస్తీ గల్లీల నుంచి వచ్చినవాళ్లు. కాలేజీ మెట్లెక్కనివాళ్లు కూడా సూక్ష్మదర్శిని కింద బోర్డు పెట్టి, వేడిగాలి గన్నుతో ఐసీ ఎత్తి, కింద టంకపు చుక్కలు సరిచేసి మళ్లీ కూర్చోబెడతారు. తెగిన దారి దగ్గర వెంట్రుకంత సన్నని తీగతో జంపర్ వేస్తారు. కంపెనీ సర్వీస్ సెంటర్లో 'బోర్డే మార్చాలి' అన్న ఫోను ఇక్కడ సాయంత్రానికి మోగిన సందర్భాలు ఆ బజారుకు పోయేవాళ్లందరికీ తెలుసు.

పాత ఫోను కొనేటప్పుడు బిల్లు, డబ్బా అడగాలి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే వచ్చే అంకెలను వాటి మీదున్నవాటితో సరిచూసుకోవాలి. పోయిన ఫోన్లను గుర్తించే సీఈఐఆర్ పోర్టల్ 2023లో దేశమంతటికీ వచ్చాక దొంగఫోన్లకు కొంత అడ్డుకట్ట పడింది. నిజాయితీగా నడిచే కొట్లకు అది మేలే చేసింది. అలా రెండేళ్ల కింద లక్ష రూపాయల ధర పలికిన ఫోను, చేతులు మారి, తెర మార్చుకుని, కొత్త బ్యాటరీ వేసుకుని, ఒక ఆటో డ్రైవర్ జేబులోకి వస్తుంది. అక్కడి నుంచి ఇంకో నాలుగేళ్లకు అతని కూతురి ఆన్‌లైన్ పాఠాలకు పనికొస్తుంది.

ఈ దారికి అడ్డం పడుతున్నది తయారీదారుల పద్ధతి. బ్యాటరీని జిగురుతో అతికిస్తున్నారు. మూత తీయాలంటే వేడి చేయాలి, వేడి ఎక్కువైతే గాజు పగులుతుంది. కొన్ని ఫోన్లలో అసలైన విడిభాగమే తెచ్చి వేసినా సాఫ్ట్‌వేర్ గుర్తించక హెచ్చరిక చూపిస్తూనే ఉంటుంది. కొన్నేళ్లకు అప్‌డేట్లు ఆగిపోతాయి, చక్కగా పనిచేసే యంత్రం బ్యాంకు యాప్ కూడా తెరవనంటుంది. ఫ్రాన్స్ 2021లో ఫోను బాగుచేయడం ఎంత తేలికో పదికి ఇన్ని మార్కులని ధర పక్కనే రాయించడం మొదలుపెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. 2025లో మరో నిపుణుల సంఘం ఫోన్లకు, ట్యాబ్లెట్లకు ఇలాంటి మార్కులివ్వాలని నివేదిక ఇచ్చింది. దాన్ని ఆలస్యం చేయకుండా తప్పనిసరి చేయాలి. ఆ నిబంధనలు రాసేటప్పుడు గుర్తింపు పొందిన పెద్ద సర్వీస్ సెంటర్లనే కాక జగదీశ్ మార్కెట్ బల్లల వెనకున్నవాళ్లనూ పిలిచి మాట్లాడాలి. అసలైన విడిభాగం, బోర్డు పటం వాళ్లకూ సరైన ధరకు దొరకాలి. వాళ్లకున్న పనితనం కొనుక్కుంటే వచ్చేది కాదు.

పాతబస్తీ వాడిన యంత్రాల్లో నవాబుల గడియారాలకు మ్యూజియం ఉంది. పురానీ హవేలీలో ఆరో నిజాం బట్టల అల్మరాలకూ, చేత్తో నడిచే లిఫ్టుకూ చోటుంది. డ్రైవర్ల, దర్జీల టూ-ఇన్-వన్‌లకు ఇంకా లేదు. తక్కువ కాలంలో లేకుండా పోయేవి అవే. ముఖ్యంగా ఆ క్యాసెట్ ఉత్తరాలు. టేపు మీద అయస్కాంతపు పూత ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. తేమకు బూజు పడుతుంది. ఇల్లు మారినప్పుడు ఎవరో ఒకరు పాత సామాను బండికి వేసేస్తారు. వాటిలో ఉన్నది ఒక తరం ఆడవాళ్ల గొంతు. అక్షరం రాయని తల్లులు, పేపర్లో ఎన్నడూ పేరు పడని భార్యలు, తమ నోటితో, తమ యాసలో చెప్పుకున్న బతుకు. గల్ఫ్ వలసల మీద లెక్కలు చాలానే ఉన్నాయి. ఆ వలసను ఇంట్లో కూర్చుని భరించినవాళ్ల మాట ఇంత వివరంగా మరెక్కడా దొరకదు.

సాలార్‌జంగ్ మ్యూజియం పూనుకుంటే ఆ గొంతులను కాపాడుకోవచ్చు. 1931 నుంచి ఉర్దూ ప్రతులను కాపాడుతున్న ఇదారె అదబియాత్-ఎ-ఉర్దూ, 1998లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉన్నాయి. తెలుగు క్యాసెట్ల కోసం తెలుగు విశ్వవిద్యాలయాన్నీ కలుపుకోవాలి. యాకుత్‌పురాలోనో, బార్కాస్‌లోనో ఒక గది తీసుకుని, ఆదివారాలు ఇళ్లవాళ్లను క్యాసెట్లతో రమ్మనవచ్చు. డిజిటల్ నకలు తీసి, అసలును వాళ్ల చేతికే తిరిగిచ్చేయాలి. ఏ మాట బయటివాళ్లు వినవచ్చో, ఏది ఇంటి గుట్టుగానే ఉండాలో ఇంటివాళ్లే తేల్చాలి. భార్య తలుపు దగ్గరకు వేసి మాట్లాడిన మాటలను ఆమె ఒప్పుకోకుండా ఎవరూ వినకూడదు.

ఈ పనికి ముందుగా కావాల్సింది సరిగ్గా నడిచే క్యాసెట్ డెక్కులు. ఎక్కువభాగం మూలపడి, లోపలి రబ్బరు బెల్టులు సాగిపోయి, హెడ్డుకు మట్టి పట్టి ఉంటాయి. నడిచీ నడవని డెక్కులో పాత టేపు పెడితే చుట్టుకుని తెగుతుంది. ఛత్తా బజార్ ప్రాంతంలో వాల్వు రేడియోల కాలం నుంచీ ఈ పని చేస్తున్నవాళ్లున్నారు. మ్యూజియం వాళ్లు మొదట కబురు పంపాల్సింది వాళ్లకే. వాళ్ల పక్కన జగదీశ్ మార్కెట్ కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెడితే, ఆ పనితనం కూడా ఇంకో తరానికి అందుతుంది. ఖర్చు పెద్దదేమీ కాదు. రంజాన్ సెలవులకు ఊరొచ్చే గల్ఫ్ కుటుంబాలు పాత బీరువాలు తెరిచే రోజుల్లోనే మొదలుపెడితే క్యాసెట్లు వాటంతటవే వస్తాయి.